వెట్టి నుంచి ‘వలంటీరు’ దాకా: రేపల్లె, బాపట్ల తీరాన అడవి కాపలా చరిత్ర

అడవిని కాపాడుతున్నదెవరు అని అడిగితే ప్రభుత్వ రిపోర్టులు ‘ప్రజల స్వచ్ఛంద భాగస్వామ్యం’ అని జవాబు చెప్తాయి. మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ప్రజలు ఏ కులాలవాళ్లు, ఏ పేటల్లో ఉంటారు, ఆ పనికి వాళ్లకి ముట్టిందేమిటి, ఆ అడవి మీద వాళ్లకున్న హక్కేమిటి అనే ప్రశ్నలన్నీ ఆ మాట కిందే కప్పడిపోతాయి. స్వచ్ఛందం అంటే తన ఇష్టంతో చెయ్యడం. కాదనే వీలున్న మనిషి అవునన్నప్పుడే దాన్ని ఇష్టం అనాలి. కాదంటే పూట గడవనివాడు, కాదంటే దొంగ అనిపించుకునేవాడు అవునంటే దానికి వేరే పేరుంది. మా తాతల కాలంలో దాన్ని వెట్టి అనేవాళ్లు.

ఈ వ్యాసంలో మేము తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాన్ని తీసుకుని నూటయాభై ఏళ్లు దాటిన ఈ కాపలా చరిత్రని పరిశీలిస్తున్నాం. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ నేల మీద గట్లనీ, చెరువుల్నీ, మడ అడవుల్నీ కాచిన శ్రమలో పెద్ద భాగం మాల మాదిగలది, యానాది ఎరుకలది, బెస్తపల్లెలది. రాజ్యం ఆ శ్రమని ఒకప్పుడు బలవంతాన తీసుకుంది. ఒకప్పుడు ఆ శ్రమజీవుల్నే నేరస్థులంది. ఇప్పుడు సేవకులు అంటోంది. పేర్లు మారాయి గానీ, కాచినవాడికి కాచినదాని మీద హక్కు మాత్రం రాలేదు.

1. గట్టు కాపలా

తెనాలి ఊళ్లోంచి మూడు కాలువలు పారతాయి. వాటిలో ఒకటి నిజాంపట్నం కాలువ. బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాటన్, ఓర్ వంటి ఇంజనీర్ల పేర్లు బడిలో చదువుకున్నాం. మట్టి మోసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. డెల్టా పుట్టుక కథని మన చరిత్రకారులు ఇంజనీరు తెలివితోనూ, రైతు కష్టంతోనూ రాశారు. కాలువ తవ్విన చేతులూ, గండి పడిన రాత్రి గట్టు మీద నిలబడ్డ ఒళ్లూ ఆ కథలోకి రాలేదు.

ఆనకట్ట అయిన మూడేళ్లకే, 1858లో, మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. వరదొచ్చి గట్టుకి ప్రమాదం ఏర్పడితే దగ్గరి ఊళ్లలోని వొంట్లో సత్తువున్న మగవాళ్లందరినీ పనికి పిలిపించే అధికారం అధికారులకి వచ్చింది. అయితే ‘అందరూ’ అంటే ఊరంతా కాదు. చట్టం స్పష్టంగా శ్రామిక వర్గాల మగవాళ్లని మాత్రమే పేర్కొంది. గట్టు తెగితే మునిగేది భూమున్నవాడి పొలం. ఆ గట్టు కాయాల్సింది మాత్రం భూమి లేనివాడు. ఎవరు నీళ్లలో దిగాలో, ఎవరు గొడుగు కింద నిలబడి పురమాయించాలో కులం ముందే తేల్చి పెట్టింది. 1858 చట్టం దానికి సర్కారు ముద్ర వేసింది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ బలవంతపు చట్టం కూడా, పిలిపించిన పనికి కూలీ చెల్లించాలని రాసింది. ఆ కూలీ మధ్యలో ఎవరి చేతుల్లో ఎంత మిగిలిపోయేదో వెట్టి చేసిన కులాలకి చెప్పనక్కర్లేదు. కానీ కాగితం మీద కూలీ అనే మాట ఉంది. ఈ మాటని గుర్తుపెట్టుకోమంటున్నాం. ఇవాళ్టి ‘స్వచ్ఛంద’ పత్రాలకి వచ్చేసరికి దీని అవసరం పడుతుంది.

2. కాచేవాణ్ణే దొంగ అన్న కాలం

గట్ల సంగతి అలా ఉండగా, 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. అంతకుముందు పుల్లలకీ, వెదురుకీ, ఆకుకీ, పశువుల మేతకీ అలవాటుగా వెళ్లిన చోటు రిజర్వు ఫారెస్టయింది. నిన్నటిదాకా బతుకుదెరువు అయిన పని ఈ రోజుకి నేరమైంది. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టమని తిరగబడ్డారు. 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకి బలయ్యాడు. అది మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే. అదే అడవి చట్టం ఎరుకల బతుకుని ఏం చేసిందో మాత్రం వాటిలో లేదు.

ఎరుకలవాళ్లు తీరం నుంచి ఉప్పు మోసుకెళ్లి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవాళ్లు. వెదురు బుట్టలు, తట్టలు అల్లేవాళ్లు. బ్రిటిషు వాళ్ల ఉప్పు విధానం, రైలు బండి వాళ్ల రవాణాని మింగేశాయి. అడవి చట్టం వెదురునీ, గాడిదల, ఎడ్ల మేతనీ లాగేసింది. బతుకు పోగొట్టి, ఆ తర్వాత 1911 నేరస్థ తెగల చట్టం కింద వాళ్లని పుట్టుదొంగలన్నారు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు దానికి పెట్టారు. అక్కడ హాజరు పిలుపులు, బయటికి వెళ్లాలంటే అనుమతి చీటీలు. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం చాలాకాలం పోలేదు. స్టూవర్టుపురం పేరు చెప్తే సినిమాల్లో దొంగలే వచ్చారు గానీ, అడవిచట్టానికి బతుకు కోల్పోయిన వ్యాపారులు రాలేదు.

యానాదుల కథ ఇంకొక దారిలో అక్కడికే చేరుతుంది. పాము, ఎలుక, చేప, పీత, నీటి పోటు పాటు తెలిసినవాళ్లు. తెనాలి, రేపల్లె పొలాల్లో ఎలుకలు పట్టడానికి రైతులకి వాళ్లే కావాలి. తోటకీ, చేపల చెరువుకీ కాపలా వాళ్లే కావాలి. ఏదైనా పోతే ముందు అనుమానించేదీ వాళ్లనే. కాలువగట్టు మీద గుడిసె, చేతికో కాగితం లేని బతుకు. ఒకే మనిషిని కాపలాదారు అనీ దొంగ అనీ రెండుగా చూడగలిగిన ఈ చూపే ఈనాటి అడవి కమిటీల దాకా వచ్చిందని మా వాదన.

3. వలంటీరు ఎవరు?

మన ప్రాంతానికి వలంటీరు అనే మాట కొత్త కాదు. చీరాల పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు నడిపాడు. 1921 బెజవాడ కాంగ్రెసు సమావేశంలో ఆ దండే కాపలా కాసింది. అప్పటి బాపట్ల తాలూకాలోని పెదనందిపాడులో పన్నుల నిరాకరణ అప్పుడు పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన కట్టాడు. ఆ రోజుల నుంచీ మన చరిత్రలో వలంటీరు అంటే ఖద్దరు కట్టి, వెనక భూమీ ఇల్లూ ఉండి, కొన్ని నెలలు పని మాని రాగలిగిన మనిషి. ఆ త్యాగాన్ని మేము తక్కువ చెయ్యడం లేదు. వలంటీరు కావడానికి తీరిక కావాలని మాత్రం అంటున్నాం. ఏ రోజు కూలీ ఆ రోజు తెచ్చుకునేవాడికి ఆ తీరిక ఎక్కడిది?

దళితులు తమ ఇష్టంతో ఉమ్మడి ఆస్తిని కాపాడబోతే ఏమైందో కూడా ఈ నేలే చెప్తుంది. 1985 జూలై 16న కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు నీళ్లని పశువుల కుడితితో మురికి చేస్తుంటే కత్తి చంద్రయ్య అనే యువకుడు అదేంటని అడిగాడు. అతని మీద దెబ్బ పడబోతే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. ఒక చెరువుని మురికి కాకుండా కాపాడటం, ఈనాటి భాషలో, పర్యావరణ పరిరక్షణ. జీతం లేకుండా, ఎవరూ అడక్కుండా చేసింది కాబట్టి అసలైన స్వచ్ఛంద సేవ కూడా అదే. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ఆరేళ్ల తర్వాత 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులని చంపారు. కొన్ని శవాలని గోనె సంచుల్లో కుక్కి డ్రెయిన్‌లోకి తోశారు. తరతరాలుగా ఎవరి శ్రమ ఈ డెల్టా కాలువలకి కాపలాగా నిలిచిందో వాళ్ల మనవలకి ఆ నీళ్లలో దక్కిన చోటు అది. కారంచేడు, చుండూరు రెండూ 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి.

కాబట్టి ‘ఉమ్మడి వనరుల్ని ప్రజలే కాపాడాలి’ అని ఎవరైనా అంటే మేము ముందు అడిగేది: అది ఉమ్మడిదని ఊరు ఒప్పుకుందా?

4. మడ అడవి, కమిటీ, పర్ర

రేపల్లె దాటి నిజాంపట్నం, అడవులదీవి, లంకెవానిదిబ్బ వైపు వెళ్తే మడ అడవులు. కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు వైపులా ఉన్న ఈ అడవిని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, కొత్తపాలెం, అడవులదీవి, లంకెవానిదిబ్బ రిజర్వు ఫారెస్టులు దీనిలోవే. మడ, తిల్ల, ఉప్పుపొన్న, కళింగ చెట్లు. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుంది. అందుకే ఆ అడవిలోకి తెలిసినవాడే దిగాలి. నీటిపిల్లి ఇక్కడే తిరుగుతుంది. మండపీత, రొయ్యపిల్ల ఈ వేళ్ల మధ్యే పెరుగుతాయి. వాటిని పట్టుకుని బతికేది యానాదులు, మత్స్యకారులు.

మడ అడవి విలువ 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాతే బయటివాళ్లకి తెలిసింది. దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరాలూ దెబ్బతిన్నాయి. పదివేల మంది పోయారని అధికార లెక్క. బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవాళ్లు అది కూలి చచ్చిపోయారు. ఎక్కువ ప్రాణాలు పోయింది పల్లపు నేలలో, మట్టిగోడల మధ్య, తాటాకు కప్పుల కింద ఉన్నవాళ్లవి. ఆ తర్వాత తీరం పొడవునా సరుగుడు తోటలు వేశారు. మొక్క నాటడం, నీళ్లు మొయ్యడం మళ్లీ పేటల పనే.

1990 జూన్‌లో కేంద్రం, 1992 ఆగస్టులో మన రాష్ట్రం ఉమ్మడి అటవీ యాజమాన్యం ఆదేశాలు ఇచ్చాయి. ఊరూరా వన సంరక్షణ సమితులు పుట్టాయి. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీశాఖతో కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో పని మొదలుపెట్టింది. పని పద్ధతిని వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే శ్రమ ఎక్కడుందో అప్పుడే కనపడుతుంది. మడ నరికిన చోట నేల ఎండి కుంగుతుంది. పోటుకి లోపలికొచ్చిన నీళ్లు పాటుకి వెనక్కి పోలేక నిలిచి ఇగిరిపోతాయి, ఉప్పు పేరుకుంటుంది. ఇక అక్కడ విత్తనం మొలవదు. దానికి మందు, చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వడం. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటూ పాటూ మళ్లీ ఆడితే ఉప్పు కడుక్కుపోతుంది, మొక్క బతుకుతుంది. మోకాలి లోతు బురదలో చేత్తో తవ్వాలి. తర్వాత మొక్క నిలదొక్కుకునేదాకా గేదెలు మేయకుండా తోలాలి, పుల్లలకి వచ్చేవాళ్లని ఆపాలి, కాలువ పూడితే మళ్లీ తియ్యాలి.

పని మంచిదే. చాలాచోట్ల అడవి తిరిగి లేచింది కూడా. 2021 అటవీ సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. మా అభ్యంతరం పని మీద కాదు, పని లెక్క మీద. ఇలాంటి ప్రాజెక్టుల్లో కాలువ తవ్విన రోజులకి కూలీ ఉంటుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే కాపలాని మాత్రం ‘సభ్యుల బాధ్యత’ అంటారు. దానికి బదులు అడవి ఫలసాయంలో వాటా వస్తుందని సమితి పద్ధతి. కొండ అడవిలో వెదురో, టేకో కొడితే వాటా అనే మాటకి అర్థం ఉంది. అభయారణ్యంలో పుల్ల విరిచినా నేరమే. నరక్కూడని అడవిలో కలపలో వాటా ఇస్తామంటే ఏం ఇచ్చినట్టు? తూర్పు తీరపు మడ అడవుల్ని పూర్వం కూపులు వేసి వంటచెరుకుకి కొట్టించింది సర్కారే అన్న సంగతి కూడా ఇక్కడ మర్చిపోకూడదు. పొయ్యిలోకి పుల్లలు తెచ్చుకునే యానాది ఆడమనిషి అడవి నాశనానికి కారణమని పోస్టరు వెయ్యడం తేలిక.

పర్రభూములవైపు చూస్తే అసలు నాశనం ఎవరిదో తెలుస్తుంది. 1990ల్లో రొయ్యల చెరువులు తీరాన్ని కమ్ముకున్నాయి. దళితులకి డి.ఫారం పట్టా మీద ఇచ్చిన భూములు, 1977 చట్టం బదిలీ చెయ్యకూడదని చెప్తున్నా, లీజుల పేరుతో చేతులు మారాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల్ని తీసెయ్యమంది. 2005లో పార్లమెంటు వేరే చట్టం తెచ్చి ఆ పరిశ్రమని నిలబెట్టింది. 2008లో వాడరేవు, నిజాంపట్నం పోర్టు కారిడార్ పేరుతో మళ్లీ భూములు పోయాయి. అడవి కాసేవాడికి కర్ర, చెరువు తవ్వేవాడికి చట్టం. చెరువు కాసేవాడి బతుకూ అంతే. 2021 జూలైలో లంకెవానిదిబ్బలో రొయ్యల చెరువు షెడ్డులో పడుకున్న ఒడిశా కూలీలు ఆరుగురు మంటల్లో చనిపోయారు.

బాపట్ల వైపు సూర్యలంక తీరంలోనూ ఇదే వరస. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రుళ్లు తీరం వెంబడి నడిచి, కుక్కలూ నక్కలూ తినకముందే గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట పూడ్చి, యాభై రోజులు అటూ ఇటూగా కాపలా కాసేది ఆ ఊరి జాలర్లు. పిల్లలు సముద్రంలోకి పాకే పొద్దున పేపర్లో ఫోటో పడుతుంది. రాత్రుళ్లు నడిచినవాడు ఆ ఫోటోలో అంచునన్నా ఉంటే గొప్ప.

5. బయట ప్రపంచంలో

అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి స్టేట్ పార్కులున్నాయి. వాటికి ‘మిత్రబృందాలు’ ఉంటాయి. ఎక్కువగా ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు, పెన్షనూ ఇల్లూ ఉన్నవాళ్లు వారానికి కొన్ని గంటలు వచ్చి దారులు శుభ్రం చేస్తారు, చందాలు పోగుచేస్తారు. మన అధికారులు స్వచ్ఛంద భాగస్వామ్యం అన్నప్పుడు కళ్ల ముందు పెట్టుకునేది ఈ బొమ్మనే. కానీ ఆ పార్కుల్లో చాలావాటిని కట్టినవాళ్లు వలంటీర్లు కాదు. 1933 నుంచి 1942 దాకా నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో పేద కుర్రవాళ్లు నెలకి 30 డాలర్ల జీతానికి పనిచేశారు, అందులో ఎక్కువ భాగం ఇంటికి పంపారు. వివక్ష ఉండకూడదని చట్టం రాసినా నల్లవాళ్లకి వేరే క్యాంపులు పెట్టారు. నల్లవాళ్లు చెమటోడ్చిన పార్కుల్లోకి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లని రానివ్వలేదు. వర్జీనియాలో ఒక నల్లజాతి పౌరుడు 1948లో కోర్టుకెక్కితే, తలుపు తెరవడానికి బదులు 1950లో నల్లవాళ్ల కోసం వేరే పార్కు తెరిచారు. మాలపల్లికి వేరే బావి తవ్వించిన ఊళ్ల నుంచి వచ్చిన మాకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు.

6. సేవ కాదు, హక్కు

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే వీలు రాజ్యానికి ఇస్తూనే, అందులో కులం, మతం, జాతి, వర్గం చూడకూడదని చెప్పింది. 1982లో ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకోవడం నిర్బంధ శ్రమే, ఆకలి కూడా నిర్బంధమే అంది. ఈ వెలుగులో చూస్తే, వేరే దారి లేని మనిషి చేత ఏళ్ల తరబడి జీతం లేకుండా అడవి కాయించుకోవడం సేవ ఎలా అవుతుంది? 1858 చట్టంలో ఉన్న కూలీ అనే మాట ఈనాటి సమితుల కాపలాలో ఎందుకు లేదు? 2019 ఆగస్టు 15న మన రాష్ట్రంలో గ్రామ వలంటీర్లని పెట్టినప్పుడు నెలకి 5,000 రూపాయలని జీతం అనకుండా గౌరవ వేతనం అన్నారు. 2024 తర్వాత ఆ వ్యవస్థ కొనసాగలేదు, వాళ్లకి ఉద్యోగుల హక్కులేవీ దక్కలేదు. వలంటీరు అనే పేరు రాజ్యానికి ఎందుకంత ఇష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

జీతం ఒక్కటే చాలదు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకి కూడా వర్తిస్తుంది. చేపలు పట్టుకునే హక్కుని, సామూహిక అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కుని అది గుర్తించింది. అంటే కాపలా అనేది అటవీశాఖ దయతలచి ఇచ్చే పని కాదు, మన హక్కు. అయితే మెలిక ఉంది. యానాదులు, ఎరుకలు షెడ్యూల్డు తెగలు కాబట్టి 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ ఉన్నట్టు చూపిస్తే సరిపోతుంది. మాల మాదిగలూ, మత్స్యకారులూ మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అడవి మీద ఆధారపడినట్టు చూపించాలి. లెక్క వేస్తే 1930 దాకా వెనక్కి పోవాలి. 1930లో ఊరి కాగితాలు కరణం చేతిలో ఉన్నాయి. వెట్టివాడి పేరు ఏ కరణం రాసిపెట్టాడు? మనల్ని రాయకుండా వదిలేసిన చరిత్రనే ఇప్పుడు సాక్ష్యంగా తెమ్మంటున్నారు.

అయినా దారి ఉంది. హక్కుదారులు కాని పెద్దవాళ్లు చెప్పిన మాటని కాగితం మీద పెడితే అది కూడా సాక్ష్యమేనని ఆ చట్టం నిబంధనల్లోనే ఉంది. ఇది చదువుతున్న విద్యార్థులకీ, టీచర్లకీ, కార్యకర్తలకీ మేము చెప్పేది ఇదే. పరిశోధన అంటే లైబ్రరీలో కూర్చోవడం మాత్రమే అనుకోవద్దు. నిజాంపట్నం రేవుకి పోండి, అడవులదీవి పోండి, స్టూవర్టుపురం పోండి, కాలువగట్టు గుడిసెలకి పోండి. ఏ మొగలో ఎవరు వల వేశారు, ఏ గండికి ఎవర్ని పిలిచారు, ఏ సంవత్సరం ఏ పర్రని ఎవరు లాక్కున్నారు, ఏ మడ మొక్క ఎవరు నాటారు, ఊరూ తేదీ వేసి రాయండి. వేలిముద్ర వేయించండి. ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. ఒక ప్రతి గ్రామసభకి ఇవ్వండి, ఒకటి మీ దగ్గర దాచండి.

ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటివాళ్లం ఆ చదువుని వాడాల్సిన చోటు ఇదే. ఆ తరం పెద్దవాళ్లు పేటకి ఇద్దరు ముగ్గురు మిగిలారు. వాళ్లు పోతే 1930తో మనకున్న తాడు తెగిపోతుంది. తాతల వెట్టిని చరిత్ర రాయలేదు. మనవల హక్కు కోసమైనా దాన్ని ఇప్పుడు మనం రాయాలి.